పట్నం వచ్చినాం, పేరు దాచుకోవద్దు

(మన సంఘం వార్షికోత్సవ సభలో గిరిజన బాలికల వసతి గృహ సంక్షేమాధికారిణి యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు మమ్మల్ని 'నగర జీవితం, మన సంస్కృతి' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నగరం అంటే మీకు హైదరాబాదు, బెంగళూరు గుర్తుకొస్తాయి. మేము అంత దూరం పోము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడింటి గురించే మాట్లాడతాం. తండాలో కిరసనాయిలు బుడ్డి వెలుగులో చదువుకొని వచ్చిన మా తరానికి ఇవే మొదటి పట్నాలు. ఇప్పటికీ మా హాస్టల్లో ఐదో తరగతిలో చేరే పాపకు ఇవే పట్నాలు. మొదటి రోజు రాత్రి వీధి దీపాలు ఆర్పకుండా ఎట్లా నిద్రపోతారని అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉంటారు.

మొదట ఒక జరిగిన సంగతి చెబుతాం. పాప పేరు చెప్పం. ఆ పాప ఈ సభలో లేదు, ఉన్నా చెప్పేవాళ్లం కాదు.

తొమ్మిదో తరగతి పిల్ల. అమ్మ కువైట్‌లో ఇంటి పనికి పోయింది. మన జిల్లాలో ఇది కొత్త కాదని మీకు తెలుసు. పిల్లను సాకింది అవ్వ. ఒక ఆదివారం ఆ అవ్వ హాస్టలుకు వచ్చింది. ఫేటియా, కాంచళి వేసుకొని, చేతుల నిండా గాజులతో, టిఫిన్ గిన్నెలో జొన్న బాటి, మిరపకాయ కారం పెట్టుకొని వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. గేటు దగ్గర నిలబడి మనవరాలి పేరు చెప్పి పిలవమంది. పాప నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి, స్నేహితురాలితో 'లేదని చెప్పు' అని చెప్పి పంపింది. అవ్వకు ట్యాంకు పక్కన పాప లంగా అంచు కనిపించింది. ఏమీ అనలేదు. టిఫిన్ గిన్నె వాచ్‌మన్ భార్య చేతికిచ్చి వెళ్లిపోయింది.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చీర కట్టుకొని వచ్చింది. పక్కింటావిడను అడిగి తెచ్చుకున్న చీర. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎప్పుడూ కట్టని మనిషి, కుచ్చిళ్లు నిలవక ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చేత్తో గిన్నె పట్టుకొని గేటు లోపలికి నడిచింది. పాప అప్పుడు ఎదురుపోయి గిన్నె అందుకుంది.

మాకు ఆ రోజు అన్నం సహించలేదు. పాప మీద కోపంతో కాదు. మా ఆఫీసు గది బయట ఒక బోర్డు ఉండేది. 'వసతి గృహంలో తెలుగు, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడవలెను.' అది పై అధికారులు పెట్టమన్న బోర్డు కాదు. మేమే రాయించి పెట్టాం. టీచర్ ట్రైనింగ్ చదువుకున్నాం, పిల్లలు బడిలో వెనకబడకూడదని మంచికే పెట్టాం. గోర్ బోలి మాట్లాడితే, కుర్రు భాష మాట్లాడితే తప్పు అని మేమే గోడ మీద రాసి, అవ్వ బట్టను చూసి పాప ఎందుకు సిగ్గుపడిందని అడగడం ఏం న్యాయం? పాప మా దగ్గరే నేర్చుకుంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మేము హాస్టల్లో చదివే రోజుల్లో, ఏడో తరగతిలో, మా బాపు చూడటానికి వస్తే 'గేటు దగ్గర మన మాట మాట్లాడొద్దు' అన్నాం. ఆయన నవ్వి తెలుగులో మాట్లాడాడు. ఆ నవ్వు ఎట్లాంటిదో ఇప్పుడు తెలుస్తోంది.

పిల్లలూ, ఈ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో మీరు తెలుసుకోవాలి. పట్నం మనకు కొత్త కాదు. బండ్లు పోయే బాటలు లేని కాలంలో సుగాలీలు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని సముద్రపు ఒడ్డు నుంచి మెట్ట ప్రాంతాలకు, ఒక సంత నుంచి ఇంకో సంతకు మోశారు. లంబాడీ అన్న మాట లవణం నుంచే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. ఎరుకలవాళ్లు గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి, బుట్టలు అల్లి ఊరూరా అమ్మారు. పట్నాలకు తిండి గింజలు చేర్చిన వాళ్లలో మనవాళ్లు ఉన్నారు. ఆ రోజుల్లో మనం తలుపు తట్టి లోపలికి రానిమ్మని అడిగేవాళ్లం కాదు, సరుకు తెచ్చామని చెప్పేవాళ్లం.

తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయే రైలు మార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. ఎద్దు మోసే బరువు రైలు పెట్టె మోసింది. దానికి తోడు తెల్లదొరల ఉప్పు పన్ను. మన వ్యాపారం పడిపోయింది. సరిగ్గా అదే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. మొదట ఉత్తరాదిలో పెట్టి, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకల వాళ్లను, సుగాలీల్లో కొన్ని గుంపులను ఆ జాబితాలో ఎక్కించారు. పుట్టుకతోనే దొంగ అని పేరు రాసుకోవడం, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవడం, ఊరు దాటాలంటే అనుమతి చీటీ అడగడం. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా ఏర్పడిన సెటిల్‌మెంటే. స్వతంత్రం వచ్చిన ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, పట్నంలో పేరు దాచుకోవడం మన పెద్దలకు భయంతో మొదలైంది. పేరు చెబితే పట్టుకుపోతారన్న భయం. చట్టం పోయింది, భయం పోలేదు. అది మా తరానికి వచ్చేసరికి సిగ్గు అయింది. మీ తరంలో అది అలవాటు అయిపోతుందేమోనని మా దిగులు.

ఇక మన మూడు ఊళ్ల సంగతి.

ప్రొద్దుటూరు అంటే బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు. మన దగ్గర పది, ఇంటర్ చదివిన ఆడపిల్లలు చాలామంది బట్టల అంగళ్లలో నిలబడి పనిచేస్తున్నారు. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి తొమ్మిదికి వస్తారు. ఎదురుగా వచ్చిన వాళ్లకు వంద చీరలు విప్పి చూపి, నవ్వి, మడత పెడతారు. 'మీదేవూరు పాపా?' అని అడిగితే తండా పేరు చెప్పరు, 'ప్రొద్దుటూరే అక్కా' అంటారు. దసరాకు అమ్మవారిశాల అలంకారం చూడటానికి ఊరంతా కదులుతుంది. మన పిల్లలూ పోతారు, ఫోటోలు తీస్తారు, మంచిదే. అదే పిల్లల ఫోన్లలో మన తీజ్ పండుగ ఫోటో ఒక్కటి ఉందా అని చూస్తే లేదు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచి, పాటలు పాడుతూ నీటిలో కలిపే పండుగ అది. సెలవు దొరకదు మేడమ్ అన్నారు. నిజమే, దొరకదు. పట్నం గడియారంలో మన పండుగకు గంట లేదు.

జమ్మలమడుగు వైపు నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. మనవాళ్లు బండలు కోసే పనికి, బేల్దారి పనికి పోతారు. ఇంకోపక్క గండికోట. పెన్న లోయ చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. అట్లా వచ్చినవాళ్లు బస్టాండులో మన అవ్వ ఒకామె అద్దాల బట్ట చూసి, పక్కన నిలబడి ఫోటో దిగి, చేతిలో పది రూపాయలు పెట్టిపోయారు. ఆమె ఆ నోటు ఏం చేయాలో తెలియక చాలాసేపు పట్టుకొని నిలబడింది. చూసేవాళ్లకు ఆ బట్ట ముద్దు, వేసుకున్నామె మనవరాలికి సిగ్గు. ఇక్కడికి దగ్గరలోనే, బళ్లారి పక్కన సండూరులో లంబాణీ ఆడవాళ్లు చేసే ఆ కుట్టు పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు ఆ కుట్టు పని వస్తువులు 1755 ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. ప్రపంచం అద్దాల పెట్టెలో పెట్టి చూసే పనిని, మనం ఇంట్లో ట్రంకుపెట్టెలో అడుగున దాస్తున్నాం.

పులివెందులలో అరటి తోటలు, చీనీ తోటలు. మనవాళ్లు గెలలు కొట్టి లారీలకు ఎత్తే పనికి వస్తారు. వాళ్ల పిల్లలే ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నారు. ఒకే ఊళ్లో తండ్రి గెల మోస్తాడు, కొడుకు ల్యాప్‌టాప్ మోస్తాడు. ఇది మనం గర్వపడాల్సిన సంగతి. అయితే అట్లాంటి ఒక అబ్బాయి అద్దె గది కోసం పోతే, ఇంటాయన కులం అడిగాడు. అబ్బాయి చెప్పాడు. 'మావాళ్లను అడిగి చెబుతా' అన్నాడు ఇంటాయన. ఫోన్ రాలేదు. రెండో ఇంట్లో ఆ అబ్బాయి పేరు చివర నాయక్ తీసేసి చెప్పాడు, గది దొరికింది. ఏడాదంతా ఆ గదిలో అమ్మతో ఫోన్‌లో తెలుగులోనే మాట్లాడాడు, గోడ అవతల వాళ్లకు వినిపిస్తుందని. అమ్మకు తెలుగు సరిగా రాదు. 'తిన్నావా, బాగున్నావా' దగ్గరే మాట ఆగిపోయేదంట. చదువు పూర్తయ్యాక ఈ మాట చెప్పి ఆ అబ్బాయి మా ముందు కళ్లు తుడుచుకున్నాడు.

అట్లాగని పట్నం చెడ్డది, తండా మంచిది అని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడానికి మేము రాలేదు. మా అవ్వకు పన్నెండేండ్లకే పెళ్లయింది. మా అమ్మ కాన్పులన్నీ గుడిసెలోనే, ఇద్దరు పిల్లలు దక్కలేదు. తండా పంచాయతీలో మగవాళ్లు కూర్చుంటే ఆడవాళ్లు దూరంగా ముసుగు వేసుకొని నిలబడేవాళ్లు. సారా ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు చెప్పనక్కరలేదు. ఈరోజు మన ఆడపిల్లలు ఆసుపత్రిలో కంటున్నారు, పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తామంటే ఎదురు చెబుతున్నారు, పోలీసు ఉద్యోగాలకు పరుగు పందెం సాధన చేస్తున్నారు. పట్నం లేకపోతే, హాస్టల్ లేకపోతే, మేము ఈ మైకు ముందు ఉండేవాళ్లం కాదు. పోవాల్సిన ఆచారాలు కొన్ని పోయాయి. ఇంకా కొన్ని పోవాలి.

అయితే పోవాల్సినవాటితో పాటు పోకూడనివీ పోతున్నాయి. వాటిలో మొదటిది భాష. హాస్టల్లో చేరే చిన్న పిల్లలను మేము అడుగుతుంటాం, 'ఇంట్లో ఏం మాట్లాడతారు?' అని. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో సుగాలీ పిల్లలందరూ గోర్ బోలి అనేవాళ్లు. ఇప్పుడు చాలామంది 'అవ్వతో గోర్ బోలి, అమ్మతో తెలుగు' అంటున్నారు. ఎరుకల పిల్లలైతే, 'పెద్దవాళ్లు రహస్యం మాట్లాడుకునేటప్పుడు కుర్రు భాష మాట్లాడతారు, మాకు అర్థం కాదు' అంటున్నారు. అవ్వ పోతే ఆ ఇంట్లో భాష కూడా పోతుందన్నమాట.

ఒక పెళ్లికి పోయాం. కల్యాణ మండపం, డీజే, రంగు లైట్లు. అప్పగింతల వేళ అవ్వ పెళ్లికూతుర్ని పట్టుకొని ఢావ్లో ఎత్తుకుంది. మన దగ్గర పెళ్లికూతురు పుట్టింటిని విడిచిపోతూ ఒక్కొక్కరినీ కౌగిలించుకొని పాడి ఏడ్చే పాట అది. పెళ్లికూతురికి మాటలు రావు. వదిన్ని చూసింది, వదినకూ రావు. డీజే వాడు శబ్దం తగ్గించలేదు. అవ్వ ఒక్కతే రెండు వరసలు పాడి ఆపేసింది. ఏడుపు పాట కదా పోతే పోయిందిలే అనుకోవచ్చు. అందులో ఆ ఇంటి పేరు, వాగు పేరు, తోడబుట్టినవాళ్ల మంచి చెడ్డలు ఉంటాయి. అది మన ఇంటి చరిత్ర పుస్తకం. ఇంకో పుస్తకం మనకు లేదు.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. ఆ ఢావ్లో పేరే పెట్టి కథల పుస్తకం రాసిన రమేశ్ కార్తీక్ నాయక్ నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. ఆ పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పేరు చివర నాయక్ తీసేయలేదు. మన పక్క జిల్లా, గుత్తి దగ్గరి తండా నుంచి వచ్చిన గాయని మంగ్లీ తిరుపతిలో సంగీతం నేర్చుకొని, ఈరోజు తెలుగువాళ్ల ఇంటింటా వినిపిస్తోంది. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటుగా మనం మొక్కే సేవాగఢ్ కూడా ఆ గుత్తి దగ్గరే. వీళ్లు పట్నం పోలేదా? పోయారు. తండాను మూటగట్టుకొని పోయారు.

మా బోర్డు సంగతి సగంలో వదిలేశాం. ఆ బోర్డు తీయించాం. టీచర్ ట్రైనింగ్‌లో మాకు నేర్పిన మాటే అది, పిల్లకు తెలిసిన భాష మీదనే తెలియని భాష నిలబడుతుందని. 2004లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలుపెట్టారు. బంజారా భాష అందులో ఒకటి, తెలుగు లిపిలోనే పుస్తకాలు తయారయ్యాయి. ఇది తెలిసి కూడా మేము బోర్డు పెట్టాం, మరిచాం.

తర్వాత ఒక ఆదివారం ఆ అవ్వను మేమే పిలిపించాం. ఫేటియాలోనే రమ్మని కబురు పెట్టాం. వరండాలో చాప వేసి కూర్చోబెట్టి, ఆ కుట్టు గురించి చెప్పమన్నాం. పిల్లలు అద్దాలు లెక్కపెట్టారు, ఒక్కొక్క కుట్టుకు పేరు అడిగారు. అవ్వ గోర్ బోలిలో చెబుతుంటే మనవరాలు తెలుగులోకి మార్చి చెప్పింది. మొదట నేల చూస్తూ చెప్పింది, కాసేపటికి తల ఎత్తింది. ఆ మరుసటి వారం ఎరుకల పాప ఒకతి 'మా తాతను పిలుద్దామా మేడమ్, బుట్ట అల్లుతాడు' అని తనంతట తానే అడిగింది. యానాది పాప ఏ ఆకు దేనికి పనికొస్తుందో మా పెరట్లోనే చూపింది. ఆ ఏడాది ఆదివారాలు అట్లా గడిచాయి.

కథ సుఖాంతం అని చెప్పలేం. మొన్న కూడా అవ్వ చీరలోనే వచ్చింది. 'బస్సులో తేలిగ్గా ఉంటుంది' అంటుంది. నిజంగా అందుకేనా అని మాకు ఇంకా అనుమానమే. అయితే ఇప్పుడు పాప గేటు దగ్గరే నిలబడి, అందరి ముందూ, మన భాషలోనే 'యాడి ఫోన్ చేసిందా?' అని గట్టిగా అడుగుతుంది. మాకు అది చాలు.

చివరగా మీరు చేయగలిగిన పనులు నాలుగు చెప్పి ముగిస్తాం.

ఒకటి. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మా మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షల మందికి పైగా ఉన్నారు. అయినా ఆ భాషను హిందీ కింద కలిపి లెక్క కట్టారు. చెప్పినవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టే ఆ అంకె అయినా ఉంది. 2027 జనగణన వస్తోంది. లెక్క రాసే మనిషి మాతృభాష ఏమిటని అడిగితే, తెలుగు అని తొందరపడి చెప్పొద్దు. ఇంట్లో ఏది మాట్లాడితే అదే చెప్పండి. గోర్ బోలి, లంబాడీ, ఎరుకల, ఏదైతే అది. మీ అమ్మానాన్నలకు ముందే చెప్పి పెట్టండి. ఈ ఒక్క పనికి పైసా ఖర్చు లేదు.

రెండు. మీ జేబులో ఫోన్ ఉంది. ఈ సెలవుల్లో అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చొని, వాళ్ల అనుమతి అడిగి, ఒక పాట, ఒక కథ, ఒక వంట, పది పాత మాటలు రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, తండా పేరు, తేదీ చెప్పి రికార్డు మొదలుపెట్టండి. తెలుగు అక్షరాల్లో రాసి పెట్టుకోండి. లిపి లేదన్న సాకు వద్దు.

మూడు. గది అడిగినప్పుడు, పని అడిగినప్పుడు ఎవరైనా కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే, దానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. తన భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కు రాజ్యాంగం 29వ అధికరణం ప్రతి సమూహానికీ ఇచ్చింది. పేరు మార్చుకొని గది తెచ్చుకున్న ఆ అబ్బాయిని మేము తప్పు పట్టం. అతనికి ఆ రాత్రి తల దాచుకోవడానికి చోటు కావాలి. అయితే అట్లాంటి రోజున ఒంటరిగా మింగకండి. సంఘానికి చెప్పండి. ఇప్పటికే పట్నంలో ఇళ్లున్న మనవాళ్లు ఈ సభలో ఉన్నారు. ఒక గది మన పిల్లలకు ఇవ్వమని వాళ్లను ఈ వేదిక మీద నుంచే అడుగుతున్నాం.

నాలుగు. మీ కోసం గేటు దగ్గరికి ఎవరైనా వస్తే, వాళ్లు ఏ బట్టలో వచ్చినా, ఎదురుపోండి. చేతిలోని గిన్నె అందుకోండి.

మన జిల్లాలో వంద మందిని నిలబెడితే గిరిజనులం ఇద్దరం ముగ్గురం. అందులో ఒకరు ట్యాంకు వెనక దాక్కుంటే ఇక మిగిలేది ఎవరు?

మా బాపు ఇప్పుడు లేడు. ఉంటే గేటు దగ్గరే, అందరూ వినేట్టు, మన మాటలోనే పలకరించేవాళ్లం. మీకు ఇంకా సమయం ఉంది. ఈరోజు ఇంటికి పోగానే ఒక్క మాట మీ భాషలో మాట్లాడండి.

 జై సేవాలాల్. రామ్ రామ్.